రబ్బరు షీట్ వేసే ముందు పాత గచ్చుని ఏం చేయాలి? (భీమవరం, జిమ్ కోసం)

జిమ్_పిచ్చోడు
భీమవరంలో, ఉండి ఊరికి వెళ్ళే రోడ్డు వైపు ఒక హాలు అద్దెకు తీసుకున్నాను, జిమ్ పెడదామని. 20 అడుగుల వెడల్పు, 40 పొడవు, గ్రౌండ్ ఫ్లోర్. ఇంతకుముందు అది రొయ్యల మేత గోడౌన్. కింద పాత సిమెంటు గచ్చు. అక్కడక్కడా పెచ్చులు లేచాయి, మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక పగులు ఉంది, వెనక గోడ పక్కన తెల్లగా ఉప్పు పొంగింది. 8 ఎంఎం రబ్బరు రోల్స్ బేరం కుదిరింది. షాపతను "పాత గచ్చు మీదే జిగురు రాసి అంటించేస్తాం సార్, రెండు రోజుల పని" అంటున్నాడు. మా మేస్త్రీ ఏమో "మొత్తం పగలగొట్టి కొత్తది పోయాల్సిందే" అంటున్నాడు. ఓనరు పగలగొట్టడానికి ఒప్పుకునే రకం కాదు. మధ్యేమార్గం ఏదైనా ఉంటే చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఊరికే_వచ్చా
షాపతనికి షీట్ అమ్ముడుపోవాలి, మేస్త్రీకి పని దొరకాలి. ఎవరి పాట వాళ్ళు పాడారు, ఇందులో వింతేముంది?

మేస్త్రీగారబ్బాయి
మేస్త్రీ మాటని అంత తేలిగ్గా తీసిపారేయకండి. ముందు గచ్చు ఎక్కడ డొల్లగా ఉందో తేల్చుకోండి. చిన్న సుత్తి పట్టుకుని గదంతా అడుగడుగునా కొట్టుకుంటూ పోండి. గట్టిగా ఉన్నచోట 'టంగ్' మంటుంది. కింద వదిలేసినచోట 'బొద బొద' మంటుంది. అలా మోగిన చోటల్లా సుద్దముక్కతో చుట్టూ గీసేయండి. పని అయ్యేసరికి ఎంత పగలగొట్టాలో మీకే నేల మీద బొమ్మలా కనబడుతుంది. నాలుగైదు చోట్లయితే అంతవరకే కట్టర్‌తో కోసి తీసి అతుకు వేసుకుంటే చాలు. సగానికి పైన డొల్ల తేలితే మాత్రం ఓనరుతో కూర్చుని మాట్లాడాల్సిందే. పెచ్చు మీద ఎంత మంచి జిగురు పూసినా రబ్బరు పెచ్చుని పట్టుకునే ఉంటుంది, ఆ పెచ్చే నేలని వదిలేస్తుంది.

సివిల్_శాస్త్రి
డొల్ల సంగతి పైన బాగా చెప్పారు. నన్ను కంగారు పెట్టింది ఆ తెల్ల ఉప్పు. కింద మట్టిలోంచి చెమ్మ పైకెక్కుతూ ఉప్పుని కరిగించి తెస్తుంది. నీరు ఆవిరైపోయి ఉప్పు పైన మిగులుతుంది. ఇన్నేళ్ళూ ఆ తడి గాలిలో కలిసిపోయింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. దాని మీద రబ్బరు పరిచారనుకోండి, పోవడానికి దారి ఉండదు, జిగురు కిందే చేరుతుంది. పైగా సిమెంటులోంచి వచ్చే తడికి క్షారగుణం ఎక్కువ. చాలా రకాల జిగుర్లు దానికి మెత్తబడి ముద్దగా తయారవుతాయి. తర్వాత అతుకుల దగ్గర షీట్ లేస్తుంది, ముక్క వాసన మొదలవుతుంది.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. మందపాటి పాలిథీన్ కవరు అడుగున్నర చదరం ముక్కలు కోసి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపు వేసి గచ్చుకి అతికించండి. కనీసం 16 గంటలు వదిలేయాలి, ఒక రోజంతా ఉంచితే ఇంకా నయం. ఎండ పడే చోట వద్దు. తీసి చూసినప్పుడు కవరు అడుగున చెమట పట్టినా, ఆ చదరం మేర గచ్చు రంగు ముదిరినా తడి ఉన్నట్టే. గది మధ్యలో ఒకటి, మూలల్లో, ఉప్పు పొంగినచోట తప్పకుండా ఒకటి వేయండి.

ఓరుగల్లు_పోరడు
శాస్త్రిగారూ, ఆ కవరు టెస్టు మీద అంత నమ్మకం పెట్టుకోవద్దు. తడి ఉంటే చూపిస్తది, కానీ చూపించనంత మాత్రాన లేదని కాదు. మా దగ్గర హాస్పిటల్ పనుల్లో గచ్చులో రంధ్రం చేసి లోపల తేమ కొలిచే ప్రోబ్ పెడతరు. స్లాబు మందంలో 40 శాతం లోతుకి దించి ఒక రోజు ఆగి రీడింగ్ చూస్తరు. పైన పొడిగా ఉన్నా లోపల తడి దాచుకున్న గచ్చుని పట్టిచ్చేది అదే.

సివిల్_శాస్త్రి
నిజమే, దానికి ఏఎస్‌టీఎం ఎఫ్ 2170 అని అమెరికా వాళ్ళ పరీక్షా ప్రమాణం కూడా ఉంది. ఎంత తేమ వరకు ఫరవాలేదన్నది ఆ జిగురు డబ్బా మీద రాసి ఉంటుంది, ఒక్కో జిగురుకి ఒక్కో లెక్క. కానీ 800 చదరపు అడుగుల జిమ్‌కి భీమవరంలో ఆ ప్రోబ్ తెచ్చేవాళ్ళు దొరకాలి కదా. కవరుతో మొదలుపెట్టమంటాను. ఫెయిలైతే ప్రోబ్ ఖర్చు కూడా మిగిలినట్టే.

జిమ్_పిచ్చోడు
సుత్తి పెట్టి చూశాను. షట్టర్ దగ్గర కొంచెం, పగులు పొడుగునా ఒక జానెడు మేర డొల్ల ఉంది. మిగతాది గట్టిగానే ఉంది. కవర్లు కూడా అతికించాను. మధ్యలో, షట్టర్ వైపు ఏమీ లేదు, ఎండిపోయి ఉంది. వెనక గోడ పక్కన వేసినదాని కింద మాత్రం కొంచెం మసకగా ఆవిరి పట్టింది. అంటే 90 శాతం పాసయినట్టేగా? షాపతనికి ఓకే చెప్పేయనా?

గేదెల_గోపాలం
ఆగు తమ్ముడూ. ఇప్పుడు ఏ నెల? మే. కాలువలు కట్టేసి ఉన్నాయి. పంట బోదెల్లో చుక్క లేదు. మీ డెల్టాలో ఏ గచ్చయినా ఇప్పుడు పొడిగానే ఉంటుంది. జూన్‌లో కాలువలకి నీళ్ళొదిలి, ఊళ్ళో చెరువులు నిండి, నాలుగు వానలు పడ్డాక అదే కవరు అదే చోట అతికించి చూడు. మా పాకలో గచ్చు కూడా మే నెలలో ఎండుటాకులా ఉంటుంది, శ్రావణానికి కాలు పెడితే చల్లగా తగులుతుంది. రబ్బరు కింద ఉండాల్సింది ఏడాదంతా కదా, ఎండాకాలం పరీక్ష ఏం లెక్కలోది?

సివిల్_శాస్త్రి
గోపాలంగారు చెప్పింది బంగారం లాంటి మాట. ఊరు పేరు చదివి కూడా నాకు తట్టలేదు. అక్కడ భూగర్భజలం ఎలాగూ పైపైనే ఉంటుంది, కాలువలూ చేపల చెరువులూ నిండితే ఇంకా పైకొస్తుంది. చౌడు నేలలు కాబట్టి ఉప్పుకి కొదవ లేదు. నీటిమట్టం బాగా పైనున్న రోజుల్లో చేసిన పరీక్షే పరీక్ష.

జిమ్_పిచ్చోడు
అయ్యా, అద్దె ఈ నెల నుంచే మొదలైంది. జూన్, జులై దాకా ఖాళీ హాలుకి అద్దె కట్టమంటారా?

ఊరికే_వచ్చా
ఆషాఢంలో ఓపెనింగ్ మీ ఇంట్లో ఎవరు పెట్టనిస్తారు? ఎలాగూ శ్రావణం దాకా ఆగుతావు. ఆ నెలంతా గచ్చుకి పరీక్షలు పెట్టుకో.

జిమ్_పిచ్చోడు
అమ్మ కూడా అదే అంది 😀 సరే, శ్రావణమే అనుకుంటున్నాను. ఈ లోపు గచ్చు మీద చేయగల పని ఏదైనా ఉంటే చెప్పండి.

ఫ్లోరింగ్_బాషా
విజయవాడలో పాతికేళ్ళుగా ఫ్లోరింగ్ పనులే చేస్తున్నాను. షాపతన్ని అందరూ దొంగని చేసేశారు గానీ, జిమ్ రోల్స్‌కి అసలు గచ్చంతా జిగురు పూయాల్సిన పనే లేదు. 8 ఎంఎం రోల్ 4 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవుంటే 60 కిలోల పైమాటే. దాని బరువే దాన్ని పట్టుకుని ఉంటుంది. అంచుల దగ్గర, అతుకుల కింద రెండు వైపులా జిగురుండే టేపు వేస్తే చాలు. తడి అనుమానం ఉన్నచోట ఇదే మేలు, రేపు తేడా వస్తే ఎత్తి ఆరబెట్టి మళ్ళీ పరుచుకోవచ్చు. అతికించాక పీకాలంటే రబ్బరూ పాడు, గచ్చూ పాడు.

మేస్త్రీగారబ్బాయి
బాషాగారితో సగం ఒప్పుకుంటాను. ట్రెడ్‌మిల్స్, మిషన్లు పెట్టేచోట వదిలేసినా కదలదు. స్లెడ్ (బరువులు పెట్టి నేల మీద తోసే బండి) తోసేచోట, గెంతులు వేసేచోట మాత్రం అంటించకపోతే కొన్నాళ్ళకి అతుకులు విడిపోయి సందులు కనబడతాయి. ఆ సందుల్లో దుమ్మూ చెమటా చేరితే చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది.

ఫ్లోరింగ్_బాషా
అక్కడికి అంతవరకే పీయూ (పాలియురేథేన్) జిగురు వాడండి, ఎవరొద్దన్నారు? రెండు డబ్బాలు కలిపేది. కలిపాక ఎంతసేపట్లో వాడాలో డబ్బా మీద ఉంటుంది, ఆ టైము దాటితే గట్టిపడిపోతుంది. ప్లైవుడ్‌కి మైకా అంటించే పసుపుపచ్చ జిగురు మాత్రం వద్దు. చవగ్గా వస్తుందని కొందరు అదే పూసేస్తారు.

గేదెల_గోపాలం
మా పాకలో గేదెల కింద కూడా రబ్బరు పరుపులే. అడుగున గాడ్లు ఉంటాయి, మూత్రం కిందకి దిగి ఆ గాడ్లలోంచి కాలవలోకి పోతుంది. దానికి గచ్చు వాటం ముఖ్యం. ఆరడుగుల పొడుగుకి అంగుళం పైచిలుకు వాటం ఉండాలి. వాటం లేకుండా వేసినవాళ్ళ పాకల్లో పరుపు ఎత్తితే ఈగలు, కంపు, పురుగులు. జిమ్‌లో మనుషులు కాబట్టి ఆ బాధ లేదనుకో.

ఊరికే_వచ్చా
మా జిమ్‌లో వాళ్ళని చూస్తే ఆ గాడ్లు మాకూ కావాలనిపిస్తుంది.

డాలస్_పద్మ
టెక్సస్‌లో గరాజ్ జిమ్ ఉన్న అనుభవంతో ఒక మాట. కవరు టెస్టులో తడి కవరు *కింద* ఉందా, *పైన* ఉందా చూడండి. కింద ఉంటే నేలలోంచి వచ్చింది. కవరు పైన, చుట్టుపక్కల గచ్చు మీద చెమట పడితే అది గాలిలో తేమ, చల్లటి నేలకి తగిలి నీరైంది. మాకు ఇక్కడ చలి తగ్గి ఒక్కసారిగా ఉక్కపోత గాలి వచ్చిన రోజున గరాజ్ నేలంతా నీళ్ళు చల్లినట్టు అవుతుంది. అది నేలలోంచి వచ్చిన తడి కాదు కాబట్టి నేలకి పూతలేమీ అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది గుర్రాలశాలలో వేసే మ్యాట్లు తెచ్చుకుంటారు. ముప్పావు అంగుళం మందం, 4 బై 6 అడుగులు, ఒక్కోటి 45 కిలోలు. కదలమన్నా కదలవు. కానీ గరాజ్ నేల తలుపు వైపు వాటంగా ఉంటుంది కాబట్టి స్క్వాట్ ర్యాక్ ఎక్కడ పెట్టుకోవాలన్నది తలనొప్పి. అమెరికాలో ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే: పోస్ట్ టెన్షన్ స్లాబ్ అయితే డ్రిల్లింగ్ పెట్టకండి, లోపల బిగించిన కేబుల్ తెగితే ప్రమాదం. 1980కి ముందు కట్టిన ఇంట్లో 9 అంగుళాల పాత టైల్స్ కనిపిస్తే గ్రైండ్ చేయకండి, ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది.

జిమ్_పిచ్చోడు
పద్మగారూ, చూశాను. నాది కవరు కిందే పట్టింది. ఇంకో సమస్య. గోడౌన్‌లో బస్తాలు పేర్చిన చోట గచ్చు మీద నల్లటి మరకలు ఉన్నాయి. సబ్బుతో కడిగించాను. ఆరాక మళ్ళీ అదే మరక, అదే వాసన.

ఊరికే_వచ్చా
ప్రొటీన్ పౌడర్ ఖర్చు మిగిలింది. ఊపిరి పీలిస్తే చాలు.

సివిల్_శాస్త్రి
రొయ్యల మేతలో చేపపొడి, చేపనూనె ఉంటాయి. బస్తా చిరిగి కారిన నూనె ఏళ్ళ తరబడి గచ్చు లోపలికి ఇంకింది. పైన కడిగితే పోదు. మరక మీద, పక్కన బాగున్న గచ్చు మీద ఒక్కో నీటిచుక్క వేసి చూడండి. బాగున్నచోట నిమిషంలోపే ఇంకిపోతుంది. నూనె ఉన్నచోట తామరాకు మీద నీటిబొట్టులా నిలబడుతుంది. నీరే ఇంకని చోట ప్రైమరూ ఇంకదు, జిగురూ పట్టదు. డిటర్జెంట్ వేడినీళ్ళతో రుద్ది, తర్వాత డైమండ్ కప్ వీల్ (గచ్చుని అరగదీసే చక్రం) పెట్టి గ్రైండ్ చేయించండి. మళ్ళీ చుక్క వేసి చూడండి. ఇంకా నిలబడితే ఆ ముక్క కోసి తీయాల్సిందే. నూనెలు రబ్బరుకి కూడా మంచివి కావు, ఉబ్బుతుంది.

మేస్త్రీగారబ్బాయి
యాసిడ్ పోసి కడిగితే నూనె, ఉప్పు రెండూ పోతాయి కదా, గ్రైండింగ్ దేనికి? మేం టైల్స్ పనులన్నిటికీ యాసిడే వాడతాం.

సివిల్_శాస్త్రి
నూనెని యాసిడ్ ఏమీ చేయలేదు, దాని పైనుంచి జారిపోతుంది. ఉప్పు పైకి పోయినట్టు కనిపిస్తుంది. కానీ మీరు పోసిన నీళ్ళు మళ్ళీ లోపలికి దిగుతాయి, యాసిడ్ వల్ల క్లోరైడ్ లవణాలు కొత్తగా చేరతాయి, సరిగ్గా కడగకపోతే పైపొర పిండి పిండిగా రాలుతుంది. చెమ్మ తగ్గించాలని చూస్తూ మనమే నీళ్ళు పోయడం ఎందుకు? ఉప్పుని పొడి బ్రష్షుతో రుద్ది వ్యాక్యూమ్‌తో లాగేయడం మేలు.

మేస్త్రీగారబ్బాయి
మీ లెక్క మీది. మా పనుల్లో ఇంతవరకు టైలు లేచింది లేదు.

ఫ్లోరింగ్_బాషా
టైలు కింద ఉండేది సిమెంటు బాబూ, తడికి దానికి ఏమీ కాదు. రబ్బరు కింద ఉండేది జిగురు. ఇక్కడ శాస్త్రిగారితోనే నేను.

ఓరుగల్లు_పోరడు
గ్రైండింగ్ పొడిగానే చేయించు అన్నా, వ్యాక్యూమ్ తగిలించిన మెషిన్‌తో. తడి గ్రైండింగ్ అయితే ఆ బురద రంధ్రాలల్ల ఎండిపోయి పొర కడతది. పనోళ్ళకి ఎన్95 మాస్కు లేకుండా మాత్రం చేయించకు. ఆ సిమెంటు దుమ్ముల సిలికా ఉంటది, ఊపిరితిత్తులకి చానా చెడ్డది. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే ఆగేది కాదు.

మాది తాండూరు బండల మీద వేసిన జిమ్, కాజీపేట దగ్గర. బండల మధ్య సందులు సిమెంటుతోని నింపి, ఎత్తుపల్లాలు ఉన్నకాడ రుద్దిచ్చి, పైన 10 ఎంఎం పరిచినం. బాగనే ఉంది. 2, 3 ఎంఎం పల్చటి షీట్లయితే మాత్రం కింద సందు ఉన్నట్టే పైన గీతలు కనపడతయి.

వైజాగ్_నాట్యం
మధ్యలో దూరుతున్నాను. మాది మొదటి అంతస్తు, పాలరాయి నేల. డాన్స్ క్లాసుకి నల్ల రబ్బరు మ్యాట్లు నేరుగా పాలరాయి మీద వేయొచ్చా? కింద ఫ్లాట్‌లో పెద్దాయనకి చప్పుడు పడదు.

ఫ్లోరింగ్_బాషా
నేరుగా వద్దమ్మా. నల్ల రబ్బరులోంచి దిగే పదార్థాల వల్ల పాలరాయి మీద, ముఖ్యంగా వినైల్ నేల మీద గోధుమరంగు మరక పడుతుంది, తర్వాత ఏం పెట్టి రుద్దినా పోదు. మధ్యలో మందపాటి పాలిథీన్ గానీ మరక పట్టించని అండర్‌లే (అడుగున వేసే పల్చటి పరుపు) గానీ వేయండి. మీకు తడి సమస్య లేదు కాబట్టి పాలిథీన్‌తో ఇబ్బంది ఉండదు. చప్పుడుకి మాత్రం 8 ఎంఎం చాలదు, గెంతుల ధమధమ స్లాబులోంచే కిందకి పోతుంది. రెండు పొరలు వేసి చూడండి.

జిమ్_పిచ్చోడు
నేనూ అదే అడుగుదామనుకున్నాను. గచ్చు మీద పాలిథీన్ పరిచి, దాని మీద రబ్బరు వదిలేస్తే చెమ్మ గొడవే ఉండదు కదా?

సివిల్_శాస్త్రి
చెమ్మ రబ్బరుని తాకదు, పాలిథీన్ కింద ఉంటుంది. పోయేది కాదు కాబట్టి అంచుల వైపు పాకి గోడ మొదట్లో తేలుతుంది, గోడ సున్నం ఊడుతుంది. స్లాబు పోయకముందు మట్టి మీద పరిచే పాలిథీన్ వేరు, పైన పరిచేది వేరు. పైన అడ్డుకోవాలంటే గ్రైండ్ చేసిన గచ్చు మీద రెండు డబ్బాల ఎపాక్సీ తేమ నిరోధక పూత వేయాలి. అది గచ్చుని పట్టుకుంటుంది, కింద ఖాళీ ఉండదు. ఖర్చు ఎక్కువే. అందుకే ముందు తడి ఎక్కడి నుంచి వస్తోందో చూడమంటాను. వెనక గోడ బయట ఏముంది?

జిమ్_పిచ్చోడు
వెనక చిన్న సందు. పై డాబా నీళ్ళ గొట్టం అక్కడే దిగుతుంది. పక్కన పంచాయతీ సిమెంటు రోడ్డు, మా గచ్చు కన్నా ఎత్తులోనే ఉంది.

గేదెల_గోపాలం
ఇంకేం, దొరికింది దొంగ. రోడ్డు మీద రోడ్డు వేసి ఊరూరా ఇళ్ళన్నీ గోతిలోకి పోయాయి.

సివిల్_శాస్త్రి
సందులో మట్టి మీ గచ్చు కన్నా కనీసం అరడుగు కిందకి దిగేట్టు తీయించండి. డాబా గొట్టానికి ముక్క కలిపి నీళ్ళు కాలవలోకి పోయేట్టు చేయండి. గోడ బయట మొదట్లో వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ చేయించండి. దీనికి ఓనరు కూడా అడ్డు చెప్పడు, ఆయన గోడే బాగుపడుతుంది.

మేస్త్రీగారబ్బాయి
అతుకులు వేశాక కొత్త సిమెంటుని కనీసం 28 రోజులు వదిలేయండి. ఆరడానికి మామూలుగా అంగుళం మందానికి నెల లెక్క, వానాకాలంలో ఇంకా ఎక్కువ. పగులుకి ముందు చూడండి, కదులుతోందా ఊరుకుందా అని. దానికి అడ్డంగా ఒక పల్చటి గాజుముక్క రెండు చివర్లా సిమెంటుతో అతికించి వదిలేయండి. గాజు విరిగితే పగులు ఇంకా పెరుగుతోందన్నమాట, ఇంజనీరుని పిలవాలి. విరగకపోతే వి ఆకారంలో కోసి, దుమ్ము లాగేసి, ఎపాక్సీ నింపేయండి. నేల పెద్దగా ఉన్నచోట వదిలిన జాయింట్లని మాత్రం గట్టి సిమెంటుతో మూసేయకండి.

జిమ్_పిచ్చోడు
లెవెల్ ఎంతవరకు తేడా ఉండొచ్చు? రసమట్టం పెడితే బుడగ కాస్త పక్కకే పోతోంది.

సివిల్_శాస్త్రి
హాలంతా కొద్దిగా ఒక వైపుకి వాలి ఉన్నా రబ్బరుకి ఏమీ కాదు. చూడాల్సింది ఎత్తుపల్లాలు. 10 అడుగుల అల్యూమినియం బద్దని నేల మీద అటూ ఇటూ తిప్పి పెట్టి చూడండి. కింద సందు 3/16 అంగుళం, అంటే 5 ఎంఎం దాటితే ఆ పల్లం నింపాలి. బద్ద ఊగిందంటే కింద బొడిపె ఉన్నట్టు, దాన్ని రుద్దాలి.

ఫ్లోరింగ్_బాషా
పల్లాలకి సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్ పోస్తారు, అంటే నీళ్ళలో కలిపి పోస్తే తనంతట తనే పారి సమంగా సర్దుకునే సిమెంటు పొడి. ముందు ప్రైమర్ తప్పనిసరి, లేకపోతే పాత గచ్చు నీళ్ళని లాగేసుకుని బుడగలొస్తాయి. నీళ్ళు బస్తా మీద రాసినంతే కలపాలి, కుర్రాళ్ళు బాగా పారాలని ఎక్కువ పోస్తారు, అప్పుడు పైపొర సుద్దలా అవుతుంది. 1 ఎంఎం మందానికి చదరపు మీటరుకి 1.7 కిలోలు అనుకోండి. మీ హాలు 74 చదరపు మీటర్లు. మొత్తం 3 ఎంఎం పోస్తే 25 కిలోల బస్తాలు 15, 16 పడతాయి. పల్లాల్లోనే పోస్తే అందులో నాలుగో వంతు కూడా కాదు.

ఓరుగల్లు_పోరడు
డెడ్‌లిఫ్ట్ చేసేకాడ మాత్రం ఆ పల్చటి కాంపౌండ్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. 150 కిలోల బార్ రోజూ పడేస్తుంటే 3 ఎంఎం పొర రబ్బరు కిందనే పొడి పొడి అయితది. మా దోస్తు జిమ్‌ల అట్లనే అయింది, షీట్ ఎత్తితే అంతా ఇసుక. అక్కడ రెండు పొరల 18 ఎంఎం ప్లైవుడ్ అతుకులు కలవకుండా వేసి, పైన 20 ఎంఎం రబ్బరు టైల్స్ పెట్టాలె.

గేదెల_గోపాలం
డెల్టాలో ప్లైవుడ్డా? చెదలకి విందు.

ఓరుగల్లు_పోరడు
ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకుంటే తడికి ఆగుతది. చెదల మందు కొట్టించి, తడి గోడకి దూరంగా పెట్టుకుంటే అయిపాయె.

జిమ్_పిచ్చోడు
జులై అప్‌డేట్. కాలువలు వచ్చాయి, వానలు కూడా పడ్డాయి. సందులో మట్టి తీయించి, డాబా గొట్టం మళ్ళించాను. ఓనరే సగం డబ్బులిచ్చాడు. గ్రైండింగ్ అయింది, నూనె మరకల్లో రెండు చోట్ల మాత్రం కోసి తీయాల్సివచ్చింది. పగులు మీద గాజు విరగలేదు, ఎపాక్సీ నింపేశాం. మళ్ళీ కవర్లు అతికిస్తే మధ్యలో ఈసారి కూడా పొడే. వెనక గోడ పొడుగునా నాలుగడుగుల మేర మాత్రం కవరు కింద బొట్లు బొట్లుగా నీళ్ళు, గచ్చు నల్లబడింది. మే నెలలో అంటించేసి ఉంటే ఆ వరస మొత్తం పోయేది.

సివిల్_శాస్త్రి
మట్టి తీసి ఎన్నాళ్ళో కాలేదు కాబట్టి గోడలో పాత తడి ఇంకా దిగుతూ ఉంటుంది. ఆ నాలుగడుగుల పట్టీకి మాత్రం ఎపాక్సీ తేమ పూత వేయించండి, తడి గచ్చు మీద కూడా పట్టే రకం అడిగి తీసుకోండి. పూత పట్టీ దగ్గరే ఆపకుండా పొడి గచ్చు మీదకి ఇంకో అడుగు రావాలి, లేకపోతే తడి దాని అంచు పక్కనుంచి తేలుతుంది.

ఫ్లోరింగ్_బాషా
ఆ వరసలో రోల్ జిగురు లేకుండా వదిలేయండి. నాలుగడుగులంటే సరిగ్గా ఒక రోల్ వెడల్పు, మీ అదృష్టం. వచ్చే వానాకాలం ఒకసారి ఎత్తి చూసుకోవచ్చు. ఆ గోడకి బరువైన మిషన్లు చేర్చకండి, ఎత్తాలంటే మళ్ళీ మీరే మోయాలి.

జిమ్_పిచ్చోడు
అద్దాల గోడ అటే పెడదామనుకున్నాను. మార్చేస్తాను. రోల్స్ రేపు దిగుతున్నాయి, దింపిన రోజే వేసేయొచ్చా?

ఫ్లోరింగ్_బాషా
వద్దు. హాల్లోనే విప్పి ఒక రోజు వదిలేయండి. లారీలో బిగుతుగా చుట్టి వచ్చిన షీట్ సర్దుకోవాలి, విప్పగానే కోస్తే మర్నాటికి పొడుగు తగ్గుతుంది. గోడల దగ్గర పావు అంగుళం ఖాళీ ఉంచండి, పైన స్కర్టింగ్ పట్టీ కప్పేస్తుంది. కోసేటప్పుడు ఒక్క గాటుకే తెగాలని నొక్కకండి, బద్ద ఆన్చి అదే గీత మీద మూడు నాలుగుసార్లు కత్తి లాగండి. బ్లేడ్లు ఎక్కువే తెచ్చుకోండి, రబ్బరు వాటిని తినేస్తుంది.

మేస్త్రీగారబ్బాయి
షట్టర్ కింద ఎత్తు కొలిచారా? రబ్బరు బయటికి పొడుచుకొస్తే షట్టర్ దాని మీదే దిగి అంచు నలిగిపోతుంది. గడప లోపలే ఆపి, అల్యూమినియం అంచు పట్టీ బిగించండి. బాత్రూం తలుపు కూడా చూసుకోండి, 8 ఎంఎం అంటే చాలా తలుపులు అడుగున రాసుకుంటాయి.

జిమ్_పిచ్చోడు
బాత్రూం తలుపు నిజంగానే తగులుతుంది, ఇప్పుడే వెళ్ళి చూశాను. వడ్రంగిని పిలుస్తున్నాను.

వైజాగ్_నాట్యం
మాది రెండు పొరలు వేశాం, మధ్యలో పాలిథీన్ కూడా. కింద పెద్దాయన ఇప్పుడు చప్పుడు తగ్గిందన్నారు, తాళం సరిగ్గా లేదంటున్నారు.

ఊరికే_వచ్చా
ఆయన్ని క్లాసులో చేర్చుకోండి మేడమ్.

డాలస్_పద్మ
జిమ్ తెరిచాక కిరసనాయిలు, టర్పెంటైన్ లాంటివి పెట్టి రబ్బరు తుడవనివ్వకండి, ఉబ్బి పాడవుతుంది. మామూలు తేలికపాటి సబ్బునీళ్ళు, బాగా పిండిన మాపు చాలు. మాపులోంచి కారే నీళ్ళు అతుకుల్లోంచి దిగితే మళ్ళీ గచ్చు తడే.